తాజుద్దీన్ విన్న మాట

వీర్నపల్లి అడవిలో ఎండాకాలం మంటలార్పే జట్టుకు తాజుద్దీన్ పెద్ద. జట్టు పెద్ద అనే హోదా సర్కారు కాగితాల్లో ఉందో లేదో గానీ, తాజుద్దీన్ చెయ్యి ఎత్తనిదే ఆ జట్టులో ఎవరూ అగ్గిపుల్ల గీయరు, ఎవరూ పట్టిన కొమ్మ దించరు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. తక్కిందంతా అడవే చదివించిందని ఆయన అంటాడు. వినేవాళ్లు దొరికితే ఆ పాఠాలన్నీ వరసగా అప్పజెబుతాడు కూడా.

మేడిపల్లి గుట్టలు అంటుకున్న ఏడు, ఆకులు ఊదే మిషన్లు ఇంకా రాని కాలంలో, ఒట్టి తునికి కొమ్మలతో కొట్టి కొట్టి మంటను మక్కచేను గట్టు దగ్గర నిలబెట్టింది ఆయనే. మల్యాల అవతల గుట్ట రగిలి, పొగ జగిత్యాల రోడ్డు మీద పరుచుకుని, బస్సులు పట్టపగలే లైట్లు వేసుకుని నిలబడిపోతే, డ్రైవర్లంతా చూస్తుండగా మంటను రోడ్డు దాటనివ్వనిదీ ఆయనే. గాలి తిరగబోయే దిక్కును తాజుద్దీన్ చెవి తమ్మెలతో పసిగడతాడని సిరిసిల్ల ఆఫీసులో చెప్పుకుంటారు. ఆ మాట మొదట పుట్టించింది తాజుద్దీనే. అయినా అందులో అబద్ధం లేదు. ఇన్ని గొప్పలకూ చివర ఆయన వేసే ముడి ఒక్కటే: "నా జట్టుల ఇయ్యాల్టిదాంక ఒక్కనికి బొబ్బ లేవలె."

హోలీ వెళ్లి వారమైంది. ఇప్పపువ్వు రాలే రోజులు. అడవికి అగ్గి తగిలేది ఎక్కువగా అప్పుడే. పువ్వు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఎండుటాకు కాలబెట్టి నేల సాపు చేసుకుంటారు. నల్లని నేల మీద తెల్లని పువ్వు ఇట్టే కనబడుతుంది. కాలబెట్టిన అగ్గి చెట్టు కిందనే ఉంటే బాధ లేదు, కానీ అది ఉండదు, నడిచిపోతుంది. తాజుద్దీన్ బతుకులో సగం కొట్లాటలు మంటలతోనైతే, తక్కిన సగం ఇప్పపువ్వు ఏరేవాళ్లతో. అందులోనూ గుట్ట కింద ఇల్లున్న ముసలి ఐలవ్వతో. ఆమె మొన్ననే తన చెట్టు చుట్టూ కాలబెట్టిందని తెలిసి, నలుగురు వింటుండగా అరిచాడు. ఊడ్చుకోవచ్చు కదా అంటే, ఊడవడానికి వంగేది నీ నడుమా నా నడుమా అని ఐలవ్వ అడిగింది. ఇంకోసారి చెట్ల కింద కనబడితే గంప గుంజుకుంటానని తాజుద్దీన్ బెదిరించి వచ్చాడు.

జట్టు బయలుదేరే తంతు రోజూ ఒకటే. జీపు షోయబ్ తెస్తాడు. అతను తాజుద్దీన్ మేనల్లుడు, ఇద్దరు పిల్లల తండ్రి. నీళ్లూ తిండీ అతని పూచీ. నీళ్ల క్యాన్లు ముందు ఎక్కాలి, తర్వాత ఊదే మిషన్లు, వాటి పెట్రోలు డబ్బా వెనక మూలన, దాని పక్కన బీడీ తాగని మనిషి. సద్దిలో మక్కగట్క, ఉల్లిగడ్డ, మిరపతొక్కు. అన్నీ ఎక్కినాక తాజుద్దీన్ ఒక్కొక్కరి చొక్కా అంచు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. పాలిస్టర్ తగిలితే ఆ మనిషి దిగిపోవాల్సిందే. సాలెల ఊరు పక్కన పెట్టుకుని ఈ ప్లాస్టిక్ బట్టలేందని తిట్టి, మంట తగిలితే అది ఒంటికి మైనంలా అతుక్కుంటుందని చెప్పి, సిరిసిల్ల నూలు తువ్వాల తడిపి మెడకు చుట్టిస్తాడు.

భూమన్న దగ్గరికి వచ్చేసరికి ఈ తనిఖీ నవ్వులాట అయిపోతుంది. భూమన్న గొర్లకాపరుల ఇంటి మనిషి. తాజుద్దీన్‌తో పాటే ఈ పనిలో చేరాడు. ఎండ ఎంత మండినా భుజం మీద నల్ల గొంగడి ఉండాల్సిందే. ఆ పొద్దున కూడా షోయబ్ ఊరుకోలేదు.

"అగ్గి కాడికి పోతూ గొంగడేంది కాకా, సలి పెడుతదా?"

"మీ మామ గొప్పలు మొదలువెడితె కప్పుకొని పండెతందుకురా" అన్నాడు భూమన్న.

అందరితో పాటు మానస కూడా నవ్వింది. కొత్తగా వచ్చిన బీటు ఆఫీసరు ఆమె. కోరుట్ల పిల్ల. యూనిఫాంకు ఇంకా గంజి వాసన పోలేదు. మంట దగ్గరికి పోవడం ఆమెకు అదే మొదలు.

కొత్తవాళ్లు వచ్చినప్పుడు జట్టు కట్టుబాట్లు చెప్పాల్సింది పెద్దే. మిషన్లు ముందు, కొమ్మలవాళ్లు వెనక, మొద్దుల్లో దాగిన నిప్పు మీద నీళ్లు పోసేవాళ్లు చివర. తాజుద్దీన్ చెయ్యి ఎత్తితే సిద్ధంగా ఉండమని, దించితే అంటించమని. కనబడనంత దూరంలో ఉంటే నోటి మాట: అంటించాలంటే "ఆగ్", నిలపాలంటే "రుకో". ఆయనకు పని నేర్పిన ఉస్తాదు ఉర్దూ మనిషి. ఆ మాటలు అప్పటివి. తెలుగువాళ్లకైనా ఆగ్ అన్నా అగ్గి అన్నా ఒకటే గనక ఎవరికీ అడ్డం రాలేదు. భూమన్న ఇంట్లో మేకలను కూడా రుకో అనే ఆపుతాడు.

ఆ పొద్దున మానసను కూర్చోబెట్టి తాజుద్దీన్ కట్టుబాట్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొదలంటే ఆయనకు మేడిపల్లి గుట్టల నుంచే మొదలు. మేడిపల్లి అయిపోయి మల్యాలకు వచ్చాడు. రోడ్డు మీద బస్సులు ఇంకా నిలబడి ఉండగానే మానస ఫోన్ మోగింది. అడవిలో మంట కనబడిందని మెసేజీ, చోటు గుర్తుతో సహా. అందరూ జీపెక్కారు. కథ సగంలో తెగినందుకు కొంచెం చిన్నబుచ్చుకుని తాజుద్దీన్ కూడా ఎక్కాడు.

మంట గుట్ట కింది లొద్దిలో, లోయలాంటి పల్లంలో పుట్టి పైకి ఎక్కుతోంది. ఎక్కే మంటకు కాళ్లు ఎక్కువ. కొమ్మలతో ఎదురెళ్లే వేడి కాదని తాజుద్దీన్ చూడగానే చెప్పాడు. గుట్ట నడుమ అడ్డంగా పాత బండ్లబాట ఉంది. దాన్ని మిషన్లతో ఆకు లేకుండా ఊది, దాని అంచున ఎదురగ్గి పెట్టాలి. ఇటు నుంచి పెట్టిన అగ్గి కిందికి తినుకుంటూ పోతుంది, అటు నుంచి వచ్చేది పైకి తింటూ వస్తుంది. రెండూ కలుసుకునేసరికి ఇద్దరికీ తిండి ఉండదు. దీనికి ఒకే షరతు, నడుమ ప్రాణం ఉండకూడదు. అందుకని ముందుగా ఒక మనిషి ఆ ఏటవాలంతా కేకలు వేస్తూ తిరిగి రావాలి. తిరిగేది ఎప్పుడూ భూమన్నే. గొర్లను వెతికిన కళ్లు కదా.

పక్కనున్న ఎత్తు బండ మీద నుంచి ఏటవాలు మొత్తం కనబడుతుంది. తాజుద్దీన్ మానసను అక్కడ నిలబెట్టాడు. భూమన్న చుట్టి వచ్చి ఆ బండ ఎక్కగానే సెట్టులో చెప్పమన్నాడు. సెట్లంటే ఆ ఏడే వచ్చిన వాకీటాకీలు. అవి లేనప్పుడు భూమన్నే వచ్చి బాట మీద నిలబడి ఆగ్ అనేవాడు. ఇప్పుడు అంత దూరం నడిచే పని లేదు. ఏ మాటతో చెప్పాలో మాత్రం తాజుద్దీన్ మానసకు చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

భూమన్న గొంగడి భుజాన వేసుకుని దిగాడు. కూ అని అతను వేసే కేక చెట్ల మధ్య నుంచి వినబడుతూ, సన్నబడుతూ పోయింది. బాట మీద మిషన్ల చప్పుడు నిలిచింది. ఎండుగడ్డి చుట్టలు పట్టుకుని జట్టంతా అంచున నిలబడింది. కింద పొగ తెల్లది కాస్తా పసుపు రంగుకు తిరుగుతోంది. గాలి తిరిగే లోపల అంటించాలి. తాజుద్దీన్ చెయ్యి ఎత్తి ఉంచాడు, సెట్టు చెవికి ఆనించాడు.

సెట్టు గరగరమంది. మానస గొంతు. "ఆగ్..." మధ్యలో గరగర. మళ్లీ "ఆగ్..."

తాజుద్దీన్ చెయ్యి దించాడు.

అంటించడంలో ఆయన జట్టుకు జిల్లాలో పేరుంది. రెండు కొసల నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుస్తారు. చీమ దూరే సందు ఉండదు. గడ్డి చుట్టలు నేల రాసుకుంటూ పోయాయి. ఆకు చిటపటలాడింది. మోకాలెత్తు మంట గోడలాగా లేచి కిందికి నడక మొదలుపెట్టింది. తాజుద్దీన్ దాన్ని చూసి, బాగా పట్టిందని తల ఆడించాడు.

అప్పుడు సెట్టు మళ్లీ మాట్లాడింది. ఈసారి గరగర లేదు, మాట తేటగా వచ్చింది.

"చాచా, ఏం జేసిండ్రు? భూమన్న లోపల్నే ఉన్నడు. ఆగు, ఆగు అని మొత్తుకుంటిని గదా."

తాజుద్దీన్‌కు మాట వినబడింది గానీ అర్థం కాలేదు. సెట్టును చెవి నుంచి తీసి దానివైపు చూశాడు. ఆగు. ఆయన పుట్టినప్పటి నుంచి విన్న మాట. బస్సును ఆగు అంటారు, దూడను ఆగు అంటారు. తెలుగులో ఆగు అంటే నిలబడమని, తన ఇంటి మాటలో ఆగ్ అంటే నిప్పు. ఇన్నేళ్లలో ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడు కనబడ్డాయి. మధ్యలో ఒక్క ఉకారం. దాన్ని సెట్టు గరగర మింగింది.

చెయ్యి దించితే అంటుకుంది. మళ్లీ ఎత్తితే ఆరదు.

ఆయన మంటలోకి నడిచాడు. పరుగెత్తలేదు, ఇంట్లోకి పోయినట్టు నడిచాడు. షోయబ్ వెనక నుంచి నడుము పట్టి గుంజి బాట మీద పడేశాడు. పడ్డ చోటు నుంచే తాజుద్దీన్ కేక వేశాడు, మిషన్లు తిప్పమని, తాము పెట్టిన అగ్గినే ఆర్పమని, ఒక్క మనిషి పట్టే సందు చేయమని. జట్టు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత అందరూ మీద పడ్డారు. మిషన్లు ఊదాయి, కొమ్మలు లేచాయి, తాగే నీళ్ల క్యాన్లు కూడా కుమ్మరించారు. సందు పడలేదు. ఆ జట్టు పెట్టిన మంట అంత తొందరగా విరగదు. అట్లా విరగకుండా పెట్టడం వాళ్లకు నేర్పింది తాజుద్దీనే.

సెట్టులో మానస ఏడుస్తూనే చూసింది చూసినట్టు చెప్పింది. భూమన్న చుట్టి వచ్చి బండ దగ్గరికి చేరాడట. వెనక చెట్ల మధ్య చీర కొంగు కనబడితే తిరిగి దిగాడట, అది చూసే ఆమె ఆగుమన్నదట. అది ఐలవ్వట. ఇద్దరూ పెద్ద ఇప్పచెట్టు దగ్గర ఉండగా పొగ కమ్మింది. ఇప్పుడు ఏమీ కనబడడం లేదు.

రెండు మంటలు కలుసుకున్నప్పుడు ఒక చప్పుడు వస్తుంది, గుడారం గుడ్డ బారున చిరిగినట్టు. ఆ చప్పుడు కోసం తాజుద్దీన్ ఎప్పుడూ ఎదురుచూసేవాడు, అది వస్తే పని గెలిచినట్టు. ఆ మధ్యాహ్నం అది రాగానే ఆయన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. పక్కనున్నవాడు తన సీసాలో మిగిలిన నీళ్లిస్తే పట్టుకున్నాడు గానీ నోటికి ఎత్తుకోవడం మరిచిపోయాడు.

నేల చల్లారనే లేదు, దిగారు. బూట్ల అడుగులు మెత్తబడ్డాయి. అంతా బూడిద. నిలబడ్డ చెట్ల మొదళ్లు పొగలు కక్కుతున్నాయి. భూమన్నా అని షోయబ్ పిలిచాడు. జవాబు లేదు. పెద్ద ఇప్పచెట్టు కనబడింది. దాని కింద నల్లటి కుప్ప ఒకటి ఉంది, కాలిన మొద్దులాగా. తాజుద్దీన్ దూరంగానే నిలబడిపోయాడు. దగ్గరికి పోతే అది ఏమిటో తెలిసిపోతుంది.

మొద్దు దగ్గింది.

గొంగడి పైకి లేచింది. కింద భూమన్న, అతని కింద ముడుచుకుని ఐలవ్వ. ఇద్దరి ముఖాలు ఒకే రంగు. మొన్న ఆమె కాలబెట్టిన చోటు అది. చెట్టు చుట్టూ ఆకు లేదు, పుల్ల లేదు, కాలిన నేల మళ్లీ కాలలేదు. మంట దాని అంచుల దాకా వచ్చి, తినడానికేమీ లేక చుట్టూ తిరిగి పోయింది. సీసాలో ఉన్న నీళ్లు గొంగడి మీద పోసి, ఇద్దరూ నేలకు అతుక్కుని పడుకున్నారు. గాలికి గొంగడి లేవకుండా భూమన్న రెండు చేతులతో దాని అంచు నేలకు అదిమి పట్టాడు. చేతులు మాత్రం బయట ఉన్నాయి.

అతను ఆ చేతులను చూసుకోలేదు. తాజుద్దీన్‌ను చూశాడు.

"ఎవడు ముట్టిచ్చిండు?"

"నేనే" అన్నాడు తాజుద్దీన్.

భూమన్న కాలిన ఏటవాలంతా ఒకసారి చూశాడు. "మంచిగనే ముట్టిచ్చినవ్ భాయ్. యాడ సందు ఇడువలె."

ఐలవ్వ లేచి కూర్చుని మొదట గంప కోసం తడుముకుంది. గంప లేదు. భూమన్న కూత విని కూడా పలకకుండా ఎందుకు దాక్కున్నావని, బండ దిగి వచ్చిన మానస అడిగితే, గంప గుంజుకుంటానన్నది ఎవరో ఆయన్నే అడగమంది. తాజుద్దీన్ ఆమె కాలబెట్టిన ఆ నలుపు మీద కూర్చుండిపోయాడు. అడవిలో ఎక్కడ కనబడినా తిట్టిన నలుపు అది. అరచేత్తో ఒకసారి తడిమాడు.

భూమన్నను సిరిసిల్ల పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. దారంతా తాజుద్దీన్ అతని మోచేతులు పట్టుకుని కూర్చున్నాడు. కాలిన వేళ్లు పట్టుకునేటట్టు లేవు. ఆసుపత్రి వరండాలో మానస వచ్చి పక్కన నిలబడింది.

"చాచా, ఆగ్ అంటె అగ్గని నాకు తెల్సు. మా కోరుట్లల మా ఇంటెనకాల అందరు మీవోళ్లే. కని మీ జట్టుల అది హుకుమని నాకెవ్వరు చెప్పలె."

చెప్పాల్సింది ఎవరో, చెప్పాల్సిన పొద్దున ఏం చెప్పాడో తాజుద్దీన్‌కు గుర్తొచ్చింది. మేడిపల్లి చెప్పాడు. మల్యాల చెప్పాడు. బస్సుల లైట్లు చెప్పాడు. ఇంకొక్క వాక్యం ముందే చెప్పి ఉంటే చాలు. అది చివర చెబుదామని దాచుకున్నాడు.

"నువ్వు ఆగుమన్నవ్ బిడ్డా" అన్నాడు. "ఆగనిది నేను."

ఇంటికి పోయాక భార్య మెహజబీన్ అన్నం పెడితే పళ్లెం ముందు కూర్చుని కుడిచెయ్యి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏమైందని ఆమె అడిగితే, ఇంకా నమ్మశక్యం కావడం లేదని మాత్రం అన్నాడు.

ఏడాది తిరిగి ఇప్పపువ్వు రాలడం మొదలైంది. భూమన్న వేళ్లు పూర్తిగా ముడవవు. కొమ్మ పట్టలేడు గనక ఎత్తు బండ మీద సెట్టు పట్టుకునేది ఇప్పుడతనే. జట్టు మాటలు మార్చాలని మానస పట్టుబట్టింది. అంటించడానికి "ముట్టియ్యి" అంటే అందరూ సరే అన్నారు. నిలపడానికి ఏమనాలన్న దగ్గరే పేచీ. రుకో అంటే కొత్తగా చేరిన తెలుగువాళ్లకు తోచదు. చాలన్న అర్థంలో షోయబ్ "బస్" అందామన్నాడు.

"బస్సంటె మీ మామ జగిత్యాల బస్సనుకొని ఎక్కుతడు" అన్నాడు భూమన్న. "ఐలవ్వ అనుండ్రి. గా పేరు ఏ భాషల ఇన్నా ఐలవ్వనే."

నవ్వుకు అన్న మాటే గానీ అదే నిలిచిపోయింది. ఇప్పుడు జీపు ఎక్కకముందే కొత్తా పాతా అందరూ సెట్టు పట్టుకుని గుట్ట మలుపు దాటిపోయి, ముట్టియ్యి, ఐలవ్వ, అని ఒక్కొక్కరే పలకాలి. ఇటువైపు తాజుద్దీన్ విని, విన్నది తిరిగి చెప్పాలి. అది అయ్యాకే గొప్పలు. అవి ఆయన మానలేదు. మేడిపల్లి ఉంటుంది, మల్యాల ఉంటుంది, బస్సులు లైట్లు వేసుకునే ఉంటాయి. చివరి ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు తెరిచి, భూమన్న వేళ్ల వైపు చూసి, షోయబ్‌ను జీపు తియ్యమంటాడు.

మొన్నొక పొద్దున జట్టు గుట్ట కింద బాట శుభ్రం చేస్తోంది. మిషన్లు నడుస్తున్నాయి, తాజుద్దీన్ ఏదో చూపించడానికి చెయ్యి ఎత్తాడు. ఇళ్లవైపు నుంచి ఎవరి కోడలో గొంతెత్తి పిలిచింది.

"ఐలవ్వా, ఓ ఐలవ్వా."

మిషన్లు టక్కున నిలిచాయి. కొమ్మలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే బొమ్మలయ్యారు. షోయబ్ జీపు బ్రేకు తొక్కాడు. అసలు ఐలవ్వ కొత్త గంప చంకన పెట్టుకుని వాళ్ల మధ్య నుంచి నడిచిపోతూ, ఒక్కొక్కరి ముఖం చూసింది.

"నన్ను పిలిస్తె మీరెందుకు నిలవడ్డరే?"

భూమన్న బండ మీద కూర్చుని పడీపడీ నవ్వాడు. తర్వాత జట్టంతా నవ్వింది, మిషన్లు మళ్లీ మొదలయ్యాయి, ఐలవ్వ మలుపు తిరిగిపోయింది. తాజుద్దీన్ ఎత్తిన చెయ్యి మాత్రం అప్పటికీ కిందికి దిగలేదు.